బుసైనా తలుపు మూయలేదు

బట్టలుతికే మెషిన్ మూలుగు చెవిన పడితే చాలు, దాని జబ్బేమిటో బుసైనా చెప్పేసేది. "ఫోను మెషిన్ పక్కన పెట్టి ఒక్క నిమిషం తిరగనివ్వండి" అనేది. అవతల దమన్‌హూర్‌లోనో తంతాలోనో ఎవరింట్లోనో డ్రమ్ము గరగరలాడుతూ తిరిగేది. ఇవతల అలెగ్జాండ్రియాలో ఈమె కళ్ళు మూసుకుని వినేది. "నీళ్ళు బయటికి పోయే దారిలో ఏదో ఇరుక్కుంది. చొక్కా గుండీయో, పిల్లల బొమ్మ ముక్కో. కింద చిన్న మూత ఉంటుంది, తిప్పి చూడండి" అనేది. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే అయ్యేది. ఇరవైరెండేళ్ళుగా ఒకే కంపెనీలో, ఒకే ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చున్న మనిషి మరి.

అప్పటికి ఆమెకు యాభయ్యొకటి. ఇబ్రాహిమియాలో ట్రాము పట్టాలకు ఒక వీధి లోపలగా, మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఇరవయ్యైదో ఏట పెళ్ళయింది. పదకొండు నెలలకు పెట్టె సర్దుకుని వచ్చేసింది. ఎందుకొచ్చావని తల్లి అడిగింది, అక్క నజాత్ అడిగింది, మేనత్తలు వరసగా వచ్చి అడిగారు. అందరికీ ఒకటే జవాబు: "నాకు సరిపడలేదు." అంతకుమించి ఒక్క ముక్క కూడా ఆమె నోటి నుంచి ఎవరూ రాబట్టలేకపోయారు.

ఒంటరిగా ఉండేదంటే పూర్తిగా ఒంటరి కాదు. కమ్మూనా ఉండేది. కమ్మూన్ అంటే జీలకర్ర. ఆ పిల్లి ఒళ్ళంతా సరిగ్గా వేయించిన జీలకర్ర రంగే. నవంబరులో వీధులన్నీ ఊడ్చిపారేసే గాలివాన ఒకటి ఆ ఊరికి ఏటా వస్తుంది. దాన్ని చీపురు తుఫాను అంటారు. ఆ తుఫాను పూట మెట్ల కింద తడిసి ముద్దై, ఎడమ చెవి కొస తెగి కనిపించిన కూన అది. బుసైనా శాలువాలో పెట్టుకుని పైకి తెచ్చింది. మర్నాడు వదిలేద్దామనుకుంది. ఆ మర్నాడు ఇప్పటిదాకా రాలేదు.

నాలుగేళ్ళపాటు ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం సాగింది. పొద్దున్న ఏడున్నర నుంచి సాయంత్రం ఐదు దాకా ఇల్లు కమ్మూనాది. ఆ తర్వాత బుసైనాది. పగలంతా ఆ పిల్లి ఏం చేస్తుందో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

మహమ్మారి ఏడు వచ్చింది. కంపెనీ ఆఫీసుకు తాళం వేసి, ఫిర్యాదుల విభాగం ఆడవాళ్ళందరికీ తలొక ల్యాప్‌టాపూ, తలొక హెడ్‌ఫోనూ ఇచ్చి ఇళ్ళకు పంపేసింది. బుసైనా బాల్కనీ కిటికీ దగ్గర బల్ల వేసుకుని పనిలో కూర్చుంది.

మొదటి వారం కమ్మూనా ఆమెను అస్సలు ఒప్పుకోలేదు. ఏడున్నరయ్యేసరికి వీధి తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చునేది. తలుపు వైపొకసారి, బుసైనా వైపొకసారి చూసేది. ఇంకా వెళ్ళవేం అన్నట్టు. భోజనం చేసి కూడా లేవని చుట్టాన్ని ఇంటావిడ ఎలా చూస్తుందో సరిగ్గా అలా చూసేది. పది గంటలకు బల్ల మీద ఎండ పడేది. ఆ ఎండ కమ్మూనాదని బుసైనాకు అప్పుడు తెలిసింది. నాలుగేళ్ళుగా పది నుంచి పన్నెండు దాకా అది పడుకున్న చోటు అదే. ఇప్పుడక్కడ ల్యాప్‌టాప్ కూర్చుంది. కమ్మూనా వచ్చి కీబోర్డు మీదే ఒళ్ళు పరిచేది. దింపితే మళ్ళీ ఎక్కేది. ఒకసారి అలా పడుకుని, కఫ్ర్ షేక్ ఊరాయనెవరిదో ఫిర్యాదును "సమస్య తీరింది" అని మూసేసింది కూడా. ఆయన మండిపడుతూ మళ్ళీ ఫోన్ చేశాడు. బుసైనా నిజం చెప్పేసింది.

"పిల్లా? పిల్లి మూసేసిందా నా ఫిర్యాదు?"

"అవునండీ. క్షమించాలి."

ఆయన పగలబడి నవ్వాడు. "మనుషులు మూసేసినప్పుడు ఒక్కళ్ళు కూడా క్షమాపణ చెప్పలేదమ్మా ఇన్నాళ్ళూ!"

రెండో వారం నుంచి కమ్మూనా పద్ధతి మారింది. ఫోన్లో మాట్లాడేటప్పుడు బుసైనాకు వేరే గొంతు ఉండేది, మెత్తగా, దగ్గరగా. "చెప్పు తల్లీ, ఏమైంది? ఎప్పట్నుంచి?" అని ఎవరినో అడిగేది. గదిలో ఇంకో మనిషి లేదు. ఇక ఆ మాటలన్నీ తనతోనేనని కమ్మూనాకు నమ్మకం కుదిరిపోయింది. అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చేది. "ఏ మోడలు?" అంటే మ్యావ్. "నీళ్ళు కారుతున్నాయా?" అంటే ఇంకొంచెం పొడవుగా మ్యావ్. అవతలివాళ్ళు అరిచినప్పుడు బుసైనా గొంతులో ఆ మెత్తదనం పోయేది. కమ్మూనా ఎక్కడున్నా లేచి వచ్చి బల్లెక్కి, ఆమె గడ్డానికి తన నుదురు ఆనించి నిలబడేది. ఇరవై ఏళ్ళు ఆఫీసులో తిట్లు తిన్నప్పుడు ఎవరూ చేయని పని అది. నాలుగున్నరకు ల్యాప్‌టాప్ మూత టక్కున పడగానే, ఎంత నిద్రలో ఉన్నా ఒళ్ళు విరుచుకుని వంటింటికి దారి తీసేది.

అలా రెండేళ్ళు గడిచాయి. మహమ్మారి తగ్గింది. ఆడవాళ్ళు ఇళ్ళలోనే బాగా పని చేస్తున్నారని కంపెనీ పాత ఆఫీసు వదిలేసుకుంది. ఊరికి చాలా దూరంగా, బుర్జ్ అల్ అరబ్‌లో ఫ్యాక్టరీ పక్కన ఒక చిన్న ఆఫీసు మాత్రం ఉంచుకుంది.

అప్పుడు కైరో నుంచి వాయెల్ వచ్చాడు. రాలేదు, తెర మీద కనిపించాడంతే. కొత్త సూపర్‌వైజరు. ముప్పై నిండని కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, మాటకు ముందొక చిరునవ్వు. అతనితోపాటు ల్యాప్‌టాపుల్లోకి ఒక ప్రోగ్రామ్ కూడా వచ్చింది. దాని పేరు అమీన్. నమ్మకస్థుడని అర్థం. ఆ నమ్మకస్థుడు పది నిమిషాలకోసారి కెమెరాలోంచి గదిని ఫొటో తీస్తాడు. కుర్చీలో మనిషి లేకపోయినా, గదిలో రెండో మనిషి కనిపించినా ఎర్ర గుర్తు పెడతాడు.

మొదటి వారం బుసైనాకు పద్నాలుగు ఎర్ర గుర్తులొచ్చాయి. పద్నాలుగింటి కిందా ఒకటే మాట: "గదిలో అపరిచిత వ్యక్తి."

వాయెల్ ఫోన్ చేశాడు. "మేడం బుసైనా, మీతో ఉంటున్న ఆ వ్యక్తి ఎవరండీ?"

"వ్యక్తి కాదు నాయనా. కమ్మూనా."

"చుట్టాలమ్మాయా?"

"పిల్లి."

అతను నవ్వలేదు. "మేడం, పని గదిలో పిల్లి ఉండకూడదండీ. బయట పెట్టి తలుపేసుకోండి."

"అదేం చేసిందని?"

"అది ఏం చేసిందని కాదు మేడం. ప్రోగ్రామ్ ఒప్పుకోదు."

బుసైనా మొండిదే గానీ మూర్ఖురాలు కాదు. పని కావాలి. ఇంతచిన్న దానికి గొడవెందుకని, మర్నాడు పొద్దున్న కమ్మూనాను పడక గదిలో పెట్టింది. మంచినీళ్ళు, గిన్నెలో ఉడికించిన చేప తల, పరుపు మీద తన పాత శాలువా. తలుపు మూసి వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

ఐదు నిమిషాలు నిశ్శబ్దం. ఆ తర్వాత మొదలైంది. మామూలు మ్యావ్ కాదు. పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చినట్టు, సన్నగా మొదలై, పైకి లేచి, విరిగిపోయే ఏడుపు. తలుపును గోళ్ళతో గీరిన చప్పుడు. ఎగిరి గడియ మీద పడిన చప్పుడు.

ఫోన్లో అవతల దమన్‌హూర్ నుంచి ఇహ్సాన్ అనే పెద్దావిడ. మెషిన్ సంగతి చెబుతూ చెబుతూ ఆగిపోయింది. "బిడ్డా, మీ ఇంట్లో పసిది ఏడుస్తోందే!"

"పసిది కాదమ్మా..."

"ముందెళ్ళి చూడు తల్లీ. నా మెషిన్ ఎక్కడికీ పారిపోదు. నేనాగుతా. వెళ్ళు, ఎత్తుకో."

బుసైనాకు మొహం చెల్లలేదు. "అలవాటవుతుందిలే అమ్మా" అంది. ఆ మాట తనకే నచ్చలేదు.

నిజంగానే అలవాటైంది. మూడో రోజుకు ఏడుపు తగ్గింది. ఐదో రోజుకు అసలు వినిపించలేదు. అమీన్ ఒక్క ఎర్ర గుర్తు కూడా పెట్టలేదు. "చూశారా మేడం, ఎంత తేలికో!" అని వాయెల్ మెచ్చుకున్నాడు.

కానీ సాయంత్రం తలుపు తీస్తే కమ్మూనా బయటికి పరుగెత్తుకు రావడం మానేసింది. మంచం కింద గోడ వైపు తిరిగి కూర్చునేది. చేప తల అలాగే ఎండిపోయి ఉండేది. పన్నెండో రోజు బుసైనా బలవంతంగా ఒళ్ళోకి లాక్కుంది. పొట్ట కింద చేతికి బొచ్చు తగల్లేదు. తిప్పి చూసింది. అరచేయంత మేర నున్నగా, గులాబీ రంగు చర్మం. నాకీ నాకీ తన బొచ్చు తనే ఊడబెరుక్కుంది. అక్కడక్కడ రక్తపు చుక్కలు.

సందు చివర జంతువుల డాక్టరు దగ్గరికి బుట్టలో పెట్టుకుని పరిగెత్తింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. చర్మం జబ్బేమీ లేదన్నాడు. "ఇంట్లో ఏమైనా మారిందా?" అని అడిగాడు.

"తలుపు మూస్తున్నాను."

"ఎంతసేపు?"

"తొమ్మిది గంటలు."

"మీరు ఇంట్లో ఉండగానా?"

"ఉండగానే."

డాక్టరు బుట్ట మూత వేస్తూ మెల్లగా చెప్పాడు. "మీరు బయటికెళ్తే దానికి బాధ లేదమ్మా. అలవాటే. మీ గొంతు వినపడుతూ ఉంటుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. అదే దానికి అర్థం కావట్లేదు."

ఇంటికి వచ్చి బుసైనా వంటింటి స్టూలు మీద చాలాసేపు కూర్చుంది. పాతికేళ్ళు దాటింది ఆ పదకొండు నెలల కాపురానికి. ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆమె మొగుడు కొట్టలేదు, తిట్టలేదు, తిండి పెట్టకపోలేదు. స్నేహితులొస్తే చాలు, "నువ్వు లోపలుండు" అనేవాడు. లోపలికి పంపి తలుపు దగ్గరగా వేసేవాడు. అవతల గదిలో నవ్వులు వినిపించేవి, టీ గ్లాసుల చప్పుడు వినిపించేది. తను మంచం మీద కూర్చుని వినేది. ఒకరోజు తుమ్మితే, తర్వాత వచ్చి ఎంతో మర్యాదగా అడిగాడు, అంత గట్టిగా తుమ్మాలా అని. మర్నాడే ఆమె పెట్టె సర్దుకుంది. తుమ్మినందుకు మొగుణ్ణి వదిలేశానని చెబితే ఎవరు నమ్ముతారు? అందుకే, సరిపడలేదు అంది.

ఆ పూటే ఆమె వెళ్ళి పడక గది తలుపు బార్లా తెరిచింది. అది మళ్ళీ మూసుకుపోకుండా తలుపుకు అడ్డంగా బరువైన ఇత్తడి రోలు పెట్టింది.

మర్నాడు కమ్మూనా గడప దాటడానికి గంట పట్టింది. బల్ల ఎక్కడానికి మరో రోజు. మూడో రోజు పదింటికి ఎండలో, ల్యాప్‌టాప్ పక్కన చుట్టచుట్టుకుని పడుకుంది. అమీన్ ఎర్ర గుర్తుల మీద ఎర్ర గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. బుసైనా వాటి వంక చూడడం మానేసింది.

గురువారం అందరికీ తెర మీద సమావేశం. ఇరవైఏడుగురు ఆడవాళ్ళు, ఇరవైఏడు చిన్న గళ్ళలో. వాయెల్ తెర నిండా ఒక ఫొటో పెట్టాడు. బుసైనా మొహానికి అడ్డంగా జీలకర్ర రంగు తోక. మీసంలా.

కొందరు కిసుక్కున నవ్వారు.

"నవ్వే విషయం కాదండీ" అన్నాడు వాయెల్, తను నవ్వుతూనే. "పేరు చెప్పను. ఒకరి ఇంటి నుంచి ఈ వారం ముప్పైయెనిమిది గుర్తులు. ఇది ఆఫీసా, ఇల్లా? నాకు తెలియకడుగుతున్నాను."

బుసైనా మైకు తెరిచింది. "ఇల్లు."

"మేడం, మీ పేరు నేను చెప్పలేదు..."

"మొహం పెట్టి పేరు దాస్తే ఏం గౌరవం నాయనా? బుసైనా అబ్దుల్ గఫ్ఫార్, ఆ తోక వెనక ఉన్నది నేనే. అడిగావు కాబట్టి చెబుతున్నా. ఇది ఇల్లు. నా ఇల్లు. ఈ కుర్చీ నాది, ఈ కిటికీ నాది, ఈ బల్ల మా నాన్నది. మీ ఆఫీసు నా ఇంట్లోకి వచ్చింది గానీ, నా ఇల్లు మీ ఆఫీసులోకి రాలేదు. రెండేళ్ళుగా ఇక్కడ చుట్టం ఎవరయ్యా అంటే మీరే. చుట్టం వచ్చి, ఇంట్లోవాళ్ళని గదిలో పెట్టి తలుపెయ్యమంటే ఎలా?"

"మేడం, అది పిల్లి..."

"పిల్లే. చూడండి బాగా." కమ్మూనాను రెండు చేతులా ఎత్తి, పొట్ట కెమెరా వైపు తిప్పి పట్టుకుంది. ఊడిపోయిన చోటు ఇరవైఏడు గళ్ళలోవాళ్ళకూ కనిపించింది. "నీ మాట విని పన్నెండు రోజులు తలుపేశాను. ఇదిగో, అది పెట్టిన ఎర్ర గుర్తు. మీ అమీన్‌కి చూపించు."

ఒకావిడ విసుక్కుంది. "అబ్బ, బుసైనా, పిల్లి కోసం అందరి నోటి దగ్గర కూడూ తీసేట్టున్నావు. కూర్చో." మరో నలుగురైదుగురు గబగబా తమ కెమెరాలు ఆపేసుకున్నారు. ఎందుకొచ్చిన గొడవని.

అంతలో కింది వరసలో ఒక గడి వెలిగింది. రద్వా. విభాగంలో అందరికంటే చిన్నది, నెమ్మదైన పిల్ల, ఎప్పుడూ మాట పెగిలేది కాదు.

"అబ్లా" అంది. తమకంటే పెద్దావిడని అలా పిలవడం ఆ ఊరి మర్యాద. "అబ్లా, ఒక్క నిమిషం" అంటూ గడిలోంచి మాయమైంది. తిరిగొచ్చేసరికి చంకలో తొమ్మిది నెలల బిడ్డ. జుట్టంతా చెమట, బుగ్గల మీద చారలు. "వీడు సలీమ్. వంటింట్లో బట్టల బుట్టలో కూర్చోబెడతా పని చేసినంతసేపూ. ఏడిస్తే మైకు కట్టేస్తా. కెమెరాలో పడకుండా పాక్కుంటూ వెళ్ళి పాలు పట్టొస్తా. ఇంక నా వల్ల కాదు."

వాయెల్ మొహంలో చిరునవ్వు పోయింది. సమావేశం ఇంతటితో ముగిసిందని చెప్పి తెర ఆర్పేశాడు.

ఆదివారం బుసైనాకు ఒక కాగితం వచ్చింది. హెచ్చరిక. క్రమశిక్షణ ఉల్లంఘన, పై అధికారితో అమర్యాద. మూడు రోజుల్లో సంతకం చేసి పంపాలి, పిల్లిని తొలగించాలి. లేదా రోజూ బుర్జ్ అల్ అరబ్ ఆఫీసుకు రావాలి. బస్సు మారి వెళ్ళాలంటే పోనూ రానూ నాలుగు గంటలు.

అక్క నజాత్‌కు ఎలాగో తెలిసింది. గిన్నె నిండా ఎండు చిక్కుడు గింజలు ఉడికించి మెదిపిన వేడి వేడి బిసారా, పైన వేయించిన ఉల్లిపాయలు పట్టుకుని మూడంతస్తులూ ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది.

"ఏమే, నిజమేనా? పిల్లి కోసం ఉద్యోగం వదులుకుంటావా?"

"వదులుకుంటానని ఎవరన్నారు? సంతకం పెట్టనన్నాను."

"రెండూ ఒకటే గదే!"

"నీకు ఒకటేమో."

"మొండిదానా! పెళ్ళప్పుడూ ఇంతే చేశావ్. ఎందుకొచ్చావే అంటే చెప్పవు. ఇప్పుడూ ఇంతే. పోనీ, దాన్ని నాకివ్వు. మా డాబా మీద ఉంటుంది. శుక్రవారం శుక్రవారం వచ్చి చూసుకో."

బుసైనా రొట్టె ముక్క బిసారాలో ముంచబోయి ఆగింది. ఆ మాటలో దురుద్దేశం లేదు. అక్క డాబా మీద ఎండ బాగానే ఉంటుంది. ఒక్క క్షణం ఆమెకు నిజంగానే ఇచ్చేద్దామా అనిపించింది. కమ్మూనా అప్పుడు ఫ్రిజ్ మీద కూర్చుని, అక్క తెచ్చిన గిన్నె వైపు మూతి చాచి వాసన చూస్తోంది.

"ఇవాళ పిల్లి అక్కా. రేపు రద్వా బిడ్డ. ఎల్లుండి, నేను కిటికీలోంచి సముద్రం వైపు ఎందుకు చూశానంటారు. నేనిప్పుడు సంతకం పెడితే, నా చేత్తో నేనే తలుపేసుకున్నట్టు. ఒకసారి ఆ గదిలో కూర్చుని వచ్చాను. మళ్ళీ కూర్చోను."

నజాత్‌కు సగమే అర్థమైంది. ఆ సగానికే ఆమె కళ్ళు చెమర్చాయి. "ఏ గదే?" అని అడిగింది. పాతికేళ్ళ తర్వాత బుసైనా ఆ రోజు అక్కకు మొత్తం చెప్పింది. తుమ్ముతో సహా. బిసారా చల్లారిపోయింది.

నజాత్ వెళ్ళాక ఆమె ఆ కాగితం ముందేసుకుంది. సంతకం చోట అడ్డంగా గీత కొట్టింది. ఉత్తరం రాయడానికి కూర్చుంది. కంపెనీ పెద్దలకు, నేరుగా. బతిమాలుకోలేదు. ఆమె రాసింది ఇది:

"నా ఇరవైరెండేళ్ళ పనిలో అతి చెడ్డవి ఆ పన్నెండు రోజులు. తలుపు మూసిన రోజులు. ఎర్ర గుర్తు ఒక్కటీ లేని రోజులు. కాల్స్ అన్నీ మీ దగ్గర రికార్డై ఉంటాయి. తీసి వినండి. ఆ పన్నెండు రోజుల్లో నా చెవి మెషిన్ మీద లేదు, తలుపు మీద ఉంది. మన్సూరాలో ఒకాయన మెషిన్‌కు బేరింగ్ పోయిందని చెప్పి మెకానిక్‌ని పంపించాను. విప్పి చూస్తే డ్రమ్ము కింద లోదుస్తుల తీగ ముక్క. అలాంటివి మూడు. నాకు అలాంటి తప్పులు ఏడాదికి మూడు కూడా ఉండవు. పిల్లి బల్ల మీద ఉన్న రోజులవీ తీయండి. దాని అరుపులు కూడా వినిపిస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టి విని, నా పని చెడగొట్టింది పిల్లో, తలుపో చెప్పండి. పిల్లే అని తేలితే బుర్జ్ అల్ అరబ్‌కు వస్తాను. అంతవరకూ సంతకం పెట్టను, తలుపు మూయను."

తన తప్పులు తనే రాసిచ్చిందని తెలిసి రద్వా ఫోన్ చేసి లబోదిబోమంది. "అబ్లా, వాళ్ళ చేతికి కత్తి మీరే ఇచ్చారు!"

"నేనిచ్చింది నిజం పిల్లా. అబద్ధమైతే భయపడాలి."

గడువు మూడు రోజులూ అయిపోయాయి. నాలుగో రోజు ఏడున్నరకు ల్యాప్‌టాప్ తెరుచుకుంటుందో లేదో అనుకుంటూనే బుసైనా మూత ఎత్తింది. తెరుచుకుంది. ఆ రోజూ, మర్నాడూ ఎవరి దగ్గర్నుంచీ మాటా పలుకూ లేదు. ఆమె కాల్స్ తీసుకుంటూనే ఉంది.

తొమ్మిదో రోజు కైరో నుంచి ఉల్ఫత్ అనే పెద్దావిడ ఫోన్ చేసింది. కాల్స్ నాణ్యత చూసే విభాగానికి ఆవిడ అధికారి. గొంతు గరుకు, మాట సూటి.

"నువ్వు చెప్పినవి విన్నాను. నలభై కాల్స్. కూర్చుని నేనే విన్నాను."

"చిత్తం."

"ఆ పన్నెండు రోజులు నువ్వు చాలా చెత్తగా పని చేశావ్."

"అదే రాశానండీ."

"ఇంకోటి. పిల్లి అరిచిన కాల్స్‌లో, అవతల తిడుతున్నవాళ్ళు సగం మంది తిట్టడం ఆపి, ఏం పిల్లి అని అడిగారు. అది నాకు పనికొచ్చే సంగతి." కాసేపు కాగితాల చప్పుడు. "గది ఫొటోలు ఆపేయమన్నాను. నీకే కాదు, అందరికీ. మనిషి కుర్చీలో ఉందో లేదో మాత్రం ప్రోగ్రామ్ చూస్తుంది, అంతే. హెచ్చరిక మాత్రం ఫైల్లోనే ఉంటుంది. పై అధికారిని పదిమందిలో కడిగేశావ్. దాన్ని నేను తీయలేను."

"ఉండనివ్వండి. సంతకం లేకుండా ఉండనివ్వండి."

ఉల్ఫత్ ముక్కుతో నవ్వినట్టు వినిపించింది.

అన్నీ కలిసి రాలేదు. వాయెల్ ఎక్కడికీ పోలేదు. కొత్తవాళ్ళకు పని నేర్పే బాధ్యత ఆ ఏడు బుసైనాకు రావాల్సింది, ఇంకొకరికి ఇచ్చాడు. జూన్ రాగానే ఆమెను మెషిన్ల నుంచి తీసి ఏసీల వైపు వేశాడు. అస్వాన్‌లో నలభైయారు డిగ్రీల ఎండలో ఏసీ ఆగిపోయిన మనిషి ఫోన్లో ఎలా మాట్లాడతాడో ఆ వైపు పనిచేసినవాళ్ళకే తెలుసు. ఆ వైపు ఎవరూ రెండు నెలలు నిలవరు. బుసైనా "సరే" అంది. ఏసీ గొంతులు వేరు, అవీ నేర్చుకుంది. గ్యాసు కారే సన్నటి బుస ఒకటి, మంచు గడ్డకు ఫ్యాను రెక్క తగిలే టకటక ఒకటి. తిట్లు మాత్రం అంతకుముందుకంటే మూడింతలు. కమ్మూనాకు రోజంతా గడ్డానికి నుదురు ఆనించడమే పనైంది. పొట్ట మీద బొచ్చు మళ్ళీ వచ్చింది, పాతదానికంటే కాస్త లేత రంగులో.

రద్వా పని మానలేదు. సలీమ్ ఇప్పుడు బట్టల బుట్టలో లేడు, ఆమె ఒళ్ళోనే. ఆ రోజు కూర్చోమని విసుక్కున్న ఆవిడ మాత్రం ఇప్పటికీ బుసైనాతో మాట్లాడదు. బుసైనా కూడా పలకరించదు.

సెప్టెంబరులో ఒక పొద్దున్న కంపెనీ ప్రచార విభాగం నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది. "బుసైనా మేడం! మా కొత్త పుస్తకంలో, మా ఉద్యోగులు ఇంటి నుంచి ఎంత సంతోషంగా పనిచేస్తున్నారో చూపిద్దామనుకుంటున్నాం. అందరూ మీ పిల్లి గురించే చెప్పారు. ఎంత ముద్దుగా ఉంటుందటా! ఫొటోగ్రాఫర్‌ని పంపిస్తాం. దాని మెళ్ళో కంపెనీ గుర్తున్న రిబ్బను కట్టి..."

"వద్దమ్మా."

"ఒక్క పది నిమిషాలే మేడం. వాయెల్ సార్ కూడా చాలా సరదా పడ్డారు."

"పడ్డాడా?" అంది బుసైనా. "నువ్వు మంచిపిల్లలా ఉన్నావు, నీ మీద కోపం లేదు. రాసుకో. దాన్ని బయట పెట్టమన్నదీ మీరే. ఇప్పుడు రిబ్బను కట్టి చూపించమంటే చూపించను. కమ్మూనా మీ ఉద్యోగి కాదు. ఈ ఇంటి మనిషి."

"మరి వాళ్ళకేం చెప్పమంటారు మేడం?"

"ఆవిడకి తీరిక లేదని చెప్పు."

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. కింద వీధిలో సార్డీను చేపల ఆవిడ బండి నిలిపి, పైకి చూస్తూ మేడల మీదవాళ్ళందరినీ పేరుపేరునా కేకేస్తోంది. బుసైనా బాల్కనీలోకి వెళ్ళి తాడుకు కట్టిన బుట్ట కిందికి వదిలింది. కమ్మూనా పిట్టగోడెక్కి, బుట్ట దిగుతున్నంతసేపూ మెడ చాచి చూస్తూ కూర్చుంది.

"ఎన్ని వేయమంటావే బుసైనా?" అని కింది నుంచి కేక.

"అరకిలో నాకు. నాలుగు పెద్దవి విడిగా కట్టు" అని ఈమె పై నుంచి కేకేసింది.